తడిగుడ్డ తూకం

మా అబ్బాయిని బతికించిన పెద్ద సిస్టరు పోయిన సోమవారం చనిపోయారు. వార్డు ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతాప సభకని చిత్తూరు నుంచి తిరుపతి పోతే, ఆసుపత్రి గేటు దగ్గర ఫ్లెక్సీ. సిస్టరు ఫొటో అరచేయంత, నివాళులర్పిస్తున్న మా చిత్తూరు నర్సింగ్ హోమ్ డాక్టరు ఫొటో నిలువెత్తు. మొహం తిప్పుకున్నాను. ఎందుకో చెబుతాను.

తొమ్మిదేళ్ల కిందట ఆరో నెల దాటగానే నాకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని ఆ డాక్టరే స్టెరాయిడ్ సూదులు వేశాడు. వారం వారం, మూడు విడతలు. చివరికి తన వల్ల కాదని చీటీ రాసిచ్చి తిరుపతిలో సిస్టరున్న ఆసుపత్రికి పంపాడు. ఆ చీటీలో సూదుల ఊసే లేదు.

కాన్పయ్యాక సిస్టరే నన్ను అడిగి అడిగి సూదుల లెక్క రాబట్టారు.

"సూది మంచిదే తల్లీ, దాంతోనే వీడి ఊపిరి నిలబడింది. కానీ ఎన్ని పడినాయో తెలీకపోతే వీడి బీపీ, కిడ్నీలు ఎట్లుంటాయో మేమెట్ల కనిపెట్టేది? ఒక్క ముక్క రాసేకి ఆయప్పకు చెయ్యి రాలేదా?"

ఆమె పొడిగుడ్డను కాటా మీద తూచి బిడ్డకు వేసేవారు, తడిశాక మళ్లీ తూచేవారు. బిడ్డ ఎంత ఉచ్చ పోశాడో ఆ తేడాలో తెలిసేది. చిన్న డాక్టర్లు 'ఉచ్చల సిస్టరు' అని నవ్వుకునేవాళ్లు. ముక్కు మూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే నా మీద నాకే రోత.

మూడో రోజు మా అత్త, మైలగుడ్డలు అట్లా పెట్టుకుంటారా అని, తూచకముందే అన్నీ ఉతికి ఆరేసింది. సిస్టరు తల పట్టుకున్నారు.

"పెద్దమ్మా, నువ్వు ఉతికేసింది బిడ్డ చెప్పిన మాట. పొద్దున్నించి వాడి కిడ్నీ పనిచేసిందో లేదో ఇంక నాకెవురు చెప్తారు?"

డ్యూటీ దిగినా ఇంటికి పోలేదు. తొట్టి పక్కనే కూర్చున్నారు. సాయంత్రానికి గుడ్డ తడిసింది. తూచి, "పోసినాడు!" అని మా అత్తనే కావలించుకున్నారు.

ఇంటికి పంపేటప్పుడు టీకాల కార్డులో తన చేత్తో రాశారు: 'తల్లికి స్టెరాయిడ్ మూడు విడతలు. ఏటా బీపీ చూపించాల.' ఏటా చూపిస్తున్నాను. వాడు బాగున్నాడు.

సభలో ఆ డాక్టరు ఆమె శ్రద్ధ గురించి అరగంట మాట్లాడాడు. థూ! ఒక్క ముక్క రాయని చెయ్యి మైకు మాత్రం వదల్లేదు.

లేచి వార్డు బయటి గదిలోకి పోయాను. ఆమె కాటా మీద పూలదండలు కుప్ప పోశారు. ఒక్కొక్కటే తీసి కింద పెట్టాను. ముల్లు సున్నా దగ్గరికొచ్చి నిలిచింది. వెనక నుంచి ఆయమ్మ, వార్డులో ఎవరి బిడ్డదో తడిగుడ్డ పట్టుకుని వచ్చింది.

"రోంత జరుగమ్మా, తూచాల."