లాయరుగారి ఓటు

క్లోజెట్ తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల నాన్న పెళ్లినాటి నల్లకోటు వేలాడుతోంది. దాని చేతుల్ని అమ్మ పిన్నీసులతో మడిచి నాకు తొడిగి, బుగ్గలమీద కాటుకతో గడ్డం గీసిన రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇళ్లకి పంపేస్తున్నాయి. జపాన్ కార్లమీది కోపంతో జనం, మేమూ ఆసియావాళ్లమేనని, మావైపు కూడా అదోలా చూసేవాళ్లు. మోకాలిలోతు మంచులో ఆడొచ్చి తడిబూట్లు హీటర్ పక్కన పెడితే, అవెన్‌లో లైటు వేసి దాచిన దోసెలపిండి పులిసిన వాసన ఇల్లంతా ఉండేది.

మా బళ్లో ఏటా ఐదో తరగతివాళ్లు మైనపు బొమ్మలయ్యేవాళ్లు. పాతకాలపు పెద్దమనుషుల వేషాలతో జిమ్‌లో కదలకుండా నిలబడాలి. కాళ్లముందు అంటించిన ఎర్రకాగితపు బటన్ ఎవరైనా తొక్కితే, ప్రాణం వచ్చినట్టు తమ కథ చెప్పాలి. నా వంతుకి మా ఊరి కోర్టుముందు విగ్రహమై నిలబడ్డ నూరేళ్లనాటి లాయరు వచ్చాడు. శనివారాలు నాన్న నన్ను లైబ్రరీకి తీసుకెళ్లి ఆయన గురించి చదివించేవాడు. ఇంట్లో ఆయన లాయరుగారే; అమ్మ పోపు వేస్తూ కూడా ఆయన సంగతులే అడిగేది.

కట్టెలు కొట్టుకుంటూ, ఓ పెద్ద ప్లీడరు ఆఫీసు ఊడుస్తూ లా చదువుకున్నాడు. బానిసత్వం తప్పించుకొచ్చినవాళ్ల తరఫున ఫీజు తీసుకోకుండా వాదించాడు. ఆ పేరుతోనే రాష్ట్ర శాసనసభకి, తర్వాత వాషింగ్టన్‌లో దేశపు చట్టసభకీ వెళ్లాడు. అక్కడ, చైనా కూలీలను దేశంలోకి రానివ్వకూడదన్న చట్టానికి ఓటేశాడు.

“అది మాత్రం దాచకు. అలాంటి చట్టమే తర్వాత మనవాళ్లకీ తగిలింది,” అన్నాడు నాన్న కార్‌లో. చెప్తానని మాటిచ్చాను.

జిమ్‌లో నా ఎదుట మొదట నిలబడింది మా క్లాసు అబ్బాయి తాతగారు. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయినాయన. వాషింగ్టన్ వరకూ చెప్పి ఆపేశాను. ఆయన చప్పట్లు కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు నాకు ఎంత తీపిగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత నాన్న బటన్ తొక్కాడు. అదే కథ చెప్పాను.

“తర్వాతేం చేశాడ్రా?”

“అంతే నాన్నా.”

మళ్లీ తొక్కాడు. మళ్లీ అక్కడే ఆపాను. బొమ్మ ఇరుక్కుపోయినట్టుందని తాతగారు నవ్వితే చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మూడోసారీ తొక్కి, నేను ముగించేదాకా ఓపిగ్గా విని, నాన్న నా చెవిదగ్గరికి వంగాడు.

“లాయరుగా మొదలెట్టి, నువ్వూ రాజకీయ నాయకుడివైపోయావు కదరా.”

ఆ మాట నాకు చాలా ఏళ్లు తగలనే లేదు. పెద్దయ్యాక ఆఫీసు మీటింగుల్లోనూ, స్నేహితుల మధ్యా చప్పట్లు ఆగిపోయే చోటు ముందే కనిపెట్టి, అక్కడ నోరు మూసుకోవడం నాకు అలవాటైంది. నాన్న పోయాకే ఆ అలవాటు ఎక్కడ మొదలైందో తెలిసింది.

ఆ బడి కూల్చేసి కార్ల పార్కింగ్ చేశారు. మా తెలుగువాళ్ల ఉగాదులు జరిగిన ఇళ్ల బేస్‌మెంట్లలో ఇప్పుడెవరో ఉంటున్నారు. విగ్రహం మాత్రం ఉంది. ఏటా వసంతంలో, ఊరు చూడ్డానికొచ్చే పిల్లలకీ పెద్దలకీ దానిముందు నిలబడి లాయరుగారి కథ చెప్తుంటాను. పోయినసారి ఓటు దగ్గరికి రాగానే ఒకాయన విసుక్కుని కార్‌వైపు నడిచాడు. ఆయనకి కూడా వినపడేలా గొంతు పెంచాను.