మీరాలం ఒడ్డున మామ గళ్ల చట్రం

నా చిన్నప్పుడు వానంటే మాకు పండుగే, ఒక్క ఏడు తప్ప. ఆ ఏడు మా లాల్‌దర్వాజా గల్లీలోకి వచ్చింది ఉత్త వాన కాదు, పక్కన పారే మురుగు కాలువ, నాలా. గాలివాన పట్టిన పట్టు విడవకుండా కొట్టి, ఒక సాయంత్రం నాలా పొంగి మా గడప దాటింది. అమ్మ నన్ను మంచం ఎక్కించింది. మంచం మీద ఇనప సందూకు పెట్టె, సందూకు మీద నేను. కింద మా చెప్పులు, చెంబులు, నాయనమ్మ తమలపాకుల డబ్బా ఒకదాని వెనక ఒకటి ఇల్లంతా తిరుగుతున్నాయి. వెనకవైపు వంటింటి మట్టిగోడ కూలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాపు బస్సు డిపోలో మెకానిక్. మొలలోతు నీళ్లలో నడిచొచ్చి, నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఎదురింటి మిద్దె మీదికి చేర్చాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దవాళ్లందరూ అదే మాట పదిసార్లు అనుకుని మహంకాళి అమ్మవారికి దండాలు పెట్టుకున్నారు. నేను మాత్రం ఒక్క దండం కూడా పెట్టలేదు. నా లెక్కలో ఇల్లు పోయింది. ఒక గోడ పోయిందా, నాలుగూ పోయాయా అని తేల్చుకునే వయసు కాదు నాది. తొమ్మిదేళ్లు నిండాయో లేదో. ఇప్పుడు అరవై దాటాయి. ఎంత దాటాయని మాత్రం అడగొద్దు.

బహదూర్‌పురాలో మా మేనమామ ఇల్లుంది. ఇల్లు బాగుచేసుకునేదాకా అక్కడే ఉన్నాం. బాపు రోజూ డ్యూటీ అయ్యాక లాల్‌దర్వాజా పోయి బురద ఎత్తి పోసేవాడు. గోడ లేపారు, సున్నం కొట్టారు. నెల దాటాక ఒకనాడు అమ్మ మూటలు సర్దింది. అప్పుడు మొదలైంది నా లొల్లి.

నేను పోనన్నాను. మామ ఇంటి తలుపు చెక్క పట్టుకుంటే ఉడుం పట్టే. అమ్మ బుజ్జగించింది, బాపు గదమాయించాడు. నాయనమ్మ ఉప్పు మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. ఆ మిరపకాయల ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గారు గానీ నా మొండితనం మాత్రం దగ్గలేదు. రెండోసారి బయలుదేరదీస్తే నిజంగానే జ్వరం వచ్చింది. మొండితనమైతే రెండు తగిలిస్తే పోతుంది, జ్వరాన్ని ఏం చేస్తారు? చివరికి నన్ను మామ ఇంట్లోనే వదిలేసి వాళ్లు పోవాలన్న మాట వచ్చింది. అమ్మ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపింది, కానీ తినలేదు. నన్నూ వదలలేకపోయింది, ఇల్లూ వదలలేకపోయింది. నాకు అదంతా కనిపిస్తూనే ఉంది. అయినా ఆ ఇంటి పేరు ఎత్తితే మళ్లీ తలుపు చెక్క పట్టుకునేదాన్ని.

మా మామ ఈ గొడవలో తలదూర్చలేదు. ఆయన బోర్డులు రాసేవాడు. దుకాణాల బోర్డులు, లారీల వెనక పువ్వులు, హోటళ్ల గోడల మీద కోడిపుంజులు. మాట తక్కువ మనిషి. ఏదైనా చెప్పాలంటే ముందు బీడీ తీసి, వెలిగించకుండానే కాసేపు చూసి, మళ్లీ జేబులో పెట్టేసేవాడు. ఆ చుట్టుపక్కల దుకాణాలు జుమ్మా రోజు బందు కాబట్టి ఆయనకు శుక్రవారం సెలవు. పొద్దున్నే సంచి తగిలించుకుని మీరాలం చెరువు ఒడ్డుకు పోయి బొమ్మలు వేసుకునేవాడు. కాగితాలూ నీళ్ల రంగులూ ఆయనకు సరిపడవు. బోర్డు కత్తిరించగా మిగిలిన రేకు ముక్కలు, డబ్బాల అడుగున మిగిలిన పెయింటు, అంతే. ఇంట్లో పరుపుల కింద కూడా రేకు మీద వేసిన చెరువులుండేవి. అత్త వాటిలో ఒకదాన్ని బియ్యం డబ్బా మీద మూతగా వాడేది.

ఆ శుక్రవారం మామ నా దగ్గరకొచ్చి బీడీ తీశాడు. చూశాడు. జేబులో పెట్టాడు.

“చెరువు కాడికి పోవాలె బిడ్డా. తుఫానుకు ఒడ్డంత మారిపోయిందంటున్నరు. ఒక్కన్నే పోబుద్ధయితలేదు. తోడు వస్తవా?”

చెరువనగానే నా ప్రాణం పైకే పోయింది. కానీ ఆయన నన్ను రమ్మని బలవంతం చేయలేదు, తనకు తోడు కావాలన్నాడు. నన్ను అప్పటిదాకా ఎవరూ తోడు అడగలేదు. పోనీలే పాపమనిపించింది. నిజం చెబుతున్నాను, పాపమనే అనిపించింది. గౌను మార్చుకుని బయలుదేరాను.

చౌరస్తా దగ్గర మామ కాసేపు ఆగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. చేతుల మధ్య తడిగా ఉంది. ఆ చెమట నాదే అనుకున్నాను.

ఒడ్డు నిజంగానే మారిపోయింది. అంతకు ముందు నేను అక్కడికి వచ్చినప్పుడు పచ్చగడ్డి నీళ్ల దాకా ఏటవాలుగా దిగేది. ఇప్పుడక్కడ ఎర్రమట్టి, దాని నిండా పగుళ్లు. ఒడ్డును ఎవరో కొరికినట్టు నీళ్లు లోపలికి వచ్చేశాయి. చాకలి బండలు సగం మునిగాయి. ముళ్లకంపలకు చీర పీలికలు, ఒంటి చెప్పులు వేలాడుతున్నాయి. మామ ఎప్పుడూ ఏ చింతచెట్టు కింద కూర్చునేవాడో అది వేళ్లతో సహా లేచి, తల నీళ్లలో పెట్టి పడి ఉంది. మామ సంచి దించకుండా అలాగే నిలబడిపోయాడు.

ఆయనకు తన చోటు దొరకలేదు. దాని కథ కొంచెం చెప్పాలి. చిన్న బొమ్మను గోడంత పెద్దది చేయాలంటే బోర్డులవాళ్లు బొమ్మ మీద గళ్లు గీస్తారు, గోడ మీదా అన్నే గళ్లు గీస్తారు. ఒక్కో గడిలోది చూసి ఆ గడిలోనే దించుతారు. మామ చెరువును కూడా ఆ పద్ధతిలోనే వేసేవాడు. ఒక చెక్క చట్రానికి నల్లదారాలు అడ్డంగా, నిలువుగా కట్టి పెట్టుకున్నాడు. దాన్ని ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసి, దారాల గళ్లలోంచి చూస్తూ రేకు మీద మేకుతో గీసుకున్న గళ్లలోకి దించేవాడు. ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటేనే గళ్లు కుదురుతాయి. ఒక జానెడు పక్కకు జరిగినా ఎదురుగా ఉన్న గుట్ట వేరే గడిలోకి పోతుంది. ఆయన కూర్చునేది చెట్టుకు కాస్త వెనక, నీడలో ఒక రాయి మీద. ఇప్పుడు చెట్టు మొదలు దగ్గరంతా బురద పేరుకుని, నాలుగైదు రాతి గుండ్లు ఒకేలా కనిపిస్తున్నాయి.

మామ ఒక గుండు మీద కూర్చుని చట్రం పెట్టాడు, లేచాడు. ఇంకోదాని మీద కూర్చున్నాడు, లేచాడు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి చేయాలని ఆ గుండ్ల మీది బురదను కాలితో గీకుతూ పోయాను. ఎండిన బురద బిళ్లలు బిళ్లలుగా ఊడుతోంది. చివరిదాని మీద ఒక బిళ్ల ఊడగానే కింద ఎర్రరంగు కనిపించింది. వంగి చేతులతో తోసేశాను. ఎరుపు, ముదురు ఆకుపచ్చ, మందుల దుకాణం బోర్డు నీలం. మామ ఏళ్ల తరబడి కుంచె తుడిచీ తుడిచీ రాయి పక్కంతా రంగులు అట్టలు కట్టాయి. తుఫాను వాటిని ముట్టుకోలేకపోయింది.

“మామా, నీ రాయి ఈడనే ఉంది,” అన్నాను.

ఆయన వచ్చి ఆ రంగులను బొటనవేలితో రుద్ది చూశాడు. ఊపిరి ఎంత గట్టిగా వదిలాడో నాకిప్పటికీ గుర్తుంది. నన్ను రాయి మీద కూర్చోబెట్టి చట్రం నా ముందు పాతాడు. సంచిలోంచి పాత రేకు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టాడు. తుఫానుకు ముందు వేసిన చెరువది. రంగుల కింద మేకు గీతలు లీలగా కనిపిస్తున్నాయి.

“అంత ఒక్కపారి సూడకు, కండ్లు తిరుగుతయి. ఒక్క గడి సూడు. రేకు మీద ఉన్నది ఈడ ఉన్నదా, లేదా చెప్పు. నేను కొత్త రేకు మీద ఏసుకుంట పోత.”

నేను కన్ను మూసి మొదలుపెట్టాను. పై గళ్లలో ఆకాశం. ఉందన్నాను. ఆకాశం ఎటు పోతుంది, ఇది కూడా అడగాలా అనుకున్నాను. మూలన గుట్ట, గుట్ట మీద దర్గా గుమ్మటం. ఉన్నాయి. నీళ్ల మధ్యలో బండరాయి, దాని మీద కొంగ. బండ ఉంది, కొంగ లేదు. కాసేపాగితే కొంగ కూడా వచ్చింది. తర్వాత దారాల మధ్య ఉత్త నీళ్లున్న గళ్లు వచ్చాయి. ఒక గడిలో నీళ్లెన్ని ఉంటాయి? మా చెంబులో పట్టేన్ని. వాటికి భయపడటం నాకే సిగ్గనిపించి పక్క గడిలోకి పోయాను.

ఆ తర్వాత చెట్టు గళ్లు వచ్చాయి. మామ అందించలేదు, కుంచె రంగులో ముంచి పట్టుకున్నాడు. “లేదు మామా,” అన్నాను. మళ్లీ చూసి, “చెట్టు లేదు గానీ దాని వెనక తాటిచెట్లు కనపడుతున్నయి. రేకు మీద అవి లేవు,” అన్నాను. ఆయన తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు, చేతికున్న పచ్చరంగు చెంపకు అంటింది. నేను చెప్పలేదు.

చెట్టును మళ్లీ నిలబెట్టి వెయ్యమని బతిమాలాను. బొమ్మలో నిలబెడితే ఎవరొద్దంటారు? ఆయన ఒప్పుకోలేదు. “లేని దుకాణానికి బోర్డు రాస్తనా బిడ్డా?” అని, పడ్డ చెట్టును పడ్డట్టే వేశాడు. కొరికిన ఒడ్డును కొరికినట్టే వేశాడు. ఎండెక్కేసరికి రేకు నిండింది. పాత రేకు, కొత్త రేకు పక్కపక్కన పెట్టి చూశాను. పోయినవి కింది మూలన కొన్ని గళ్లు, మధ్యలో చెట్టు. మిగిలినదంతా ఎక్కడిదక్కడే ఉంది. నేను మళ్లీ మళ్లీ చూశాను. అప్పుడే చెరువు పక్కనున్న జూలోంచి సింహం గట్టిగా అరిచింది.

“సింహం గడిలకు రాలే, కానీ అది గూడ ఉన్నది,” అన్నాడు మామ. తుఫాను వచ్చిన దగ్గర్నుంచి నేను నవ్వడం అదే మొదలు.

దారిలో చట్రం అడిగి తీసుకున్నాను. ఇంటికి రాగానే అమ్మతో మూటలు కట్టమన్నాను. అమ్మ నా నుదురు పట్టి చూసింది, మళ్లీ జ్వరమేమోనని. ఆ సాయంత్రమే రిక్షా ఎక్కాం. మా గల్లీ మొదట్లో దిగి, చట్రం మొహానికి అడ్డం పెట్టుకుని నడిచాను. పిండిమిల్లు భాయ్ “క్యా బేటీ, ఫోటో తీస్తున్నవా?” అని ఆటపట్టించాడు. నేను చట్రం దించలేదు. నాకు పనుంది. మా గడప ఉంది. తలుపు మీద పసుపు బొట్లు ఉన్నాయి. గూట్లో చిమ్నీ దీపం ఉంది. సందూకు ఉంది, తుప్పు మాత్రం పట్టింది. వంటింటికి పాత గోడ లేదు, కొత్త గోడ ఉంది, ఇంకా సున్నం వాసన వస్తోంది. పాత గోడల మీద సున్నం కిందనుంచి నీళ్లు నిలిచిన చార కనిపిస్తోంది. అదొక్కటీ కొత్తగా వచ్చింది. అన్ని గళ్లూ చూశాక చట్రం దించి, ఆకలేస్తోందన్నాను. అమ్మ గడప మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. రాత్రి మాత్రం రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

చాలా ఏళ్ల తర్వాత నా పెళ్లిలో పసుపు దంచుతూ అత్త నన్ను ఆటపట్టించింది. నాకు భయం పోగొట్టిన మొనగాడు మామే అని నేను అందరికీ గొప్పగా చెబుతున్నాను. అత్త రోకలి ఆపింది.

“ఏంది పిల్లా, మీ మామ మొనగాడా? తుఫాను పోయినంక ప్రతి జుమ్మాకు సంచి సదురుకునుడు, చౌరస్తా దాంక పోవుడు, వాపస్ వచ్చుడు. అడిగితే ఎండ మస్తుగ కొడుతున్నదంటడు. ఆ చెట్టు పడ్డదని ఇన్నడు, సూడనీకె ధైర్యం రాలే. నువ్వు తోడు పోయినవు గాబట్టి పోయిండు.”

పందిట్లో తాంబూలాలు పంచుతున్న మామ వైపు చూశాను. ఆయన బీడీ తీసి, చూసి, జేబులో పెట్టుకున్నాడు. ఆయన నన్ను తీసుకుపోయాడనే అన్నేళ్లూ అనుకున్నాను. ఆ చేతుల తడి ఎవరిదో అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు, ఎంతో హాయిగా అనిపించింది. భయం లేని మనిషి నాకు నేర్పి ఉంటే, ఆయనకేంలే, నా వల్ల కాదు అనుకునేదాన్ని.

మామ ఇప్పుడు లేడు. చట్రం మా సంతోష్‌నగర్ ఇంట్లో ఉంది, దారాలు రెండుసార్లు మార్చాను. కష్టం వచ్చినప్పుడు దాన్ని తియ్యను కూడా, ఒక్క గడి చూడు అని నాకు నేనే చెప్పుకుంటాను. భయపడేవాళ్లకు భయపడకని చెప్పడం మాత్రం ఎప్పుడో మానేశాను.

మొన్న మా మనవరాలికి పన్ను తీయించాల్సి వచ్చింది. స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. కొడుకు అరిచాడు, కోడలు ఐస్‌క్రీం ఆశ పెట్టింది. నేను వాళ్లిద్దరినీ పక్కకు పొమ్మని, తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. నా దవడ పన్ను ఎన్నాళ్లుగానో సలుపుతోంది బిడ్డా, డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే పోబుద్ధి కావడం లేదు, నాకు తోడు వస్తవా అని అడిగాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను కూడా చౌరస్తా దాకా పోవడం, ఎండ కొడుతోందని వెనక్కి రావడం చేస్తూనే ఉన్నాను.

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. తర్వాత గడియ తీసింది. పోనీలే పాపమన్నట్టు నా వంక చూసి చెయ్యి అందించింది. ఇద్దరం చేతులు పట్టుకుని నడిచాం. మధ్యలో తడిగానే ఉంది, అది ఎవరిదని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.