డాబా మీది పిల్లనగ్రోవి

పొద్దున నాలుగున్నరకు, మైత్రీవనం దిక్కు నుంచి బస్సుల చప్పుడు ఇంకా మొదలుకాకముందే, ఐలయ్య చెంబెడు నీళ్ళు పిల్లనగ్రోవిలో పోసేవాడు. ఒక కొస నుంచి పోస్తే రంధ్రాలన్నిటి గుండా బొట్లుబొట్లుగా కారేవి. ఎండిన వెదురు సరిగా పలకదు. తడిపితేనే గొంతు విప్పుతుంది. కండువా అంచుతో తుడిచి, గోడకున్న మల్లన్న పటానికి ఒకసారి చూపించి, కళ్ళకద్దుకునేవాడు. ముఖం కడుక్కోవడమైనా మరిచేవాడేమో గానీ ఈ పని మాత్రం మరిచేవాడు కాదు.

అది వాళ్ళ నాయనది. గొర్ల వెంట తిరుగుతూ ఊదిన గ్రోవి. కరువుకు గొర్లు పోయాక ఐలయ్య జనగామ దిక్కు నుంచి వచ్చి, అమీర్‌పేటలో ఒక ఐదంతస్తుల కాంప్లెక్సుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. మెట్ల కింద గది, భార్య పోచమ్మ, నీళ్ళ మోటరు, గేటు: అదీ ఆయన సంసారం. కింద సాబిర్ కరెంటు సామాను దుకాణం. పై అంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సులు. ఆ పైన డాబా మీద అనుపమ గారి యోగా క్లాసు. కంప్యూటర్ నేర్చుకుంటే చాలు బతుకు మారిపోతుందని ఊళ్ళకు ఊళ్ళు అక్కడ దిగుతున్న కాలం. రోజంతా కుర్చీల్లో కూచుని నడుములు పట్టేసిన పిల్లలు పొద్దున ఆరింటికల్లా డాబా ఎక్కి చాపలు పరిచేవారు.

ఒకనాడు నీళ్ళ ట్యాంకు పక్కన కూచుని తనకోసం ఊదుకుంటున్న ఐలయ్యను అనుపమ గారు విన్నారు.

"ఐలయ్యా, రేపు మా క్లాసులో వాయిస్తావా?"

మొదటి రెండు రోజులూ ఇష్టమొచ్చినట్టు ఊదాడు. పిల్లలు తడబడ్డారు. మూడోనాడు ఆయనకే తట్టింది: తాను ఊదినంతసేపూ వాళ్ళు ఊపిరి వదులుతున్నారు, తాను గాలి పీల్చుకోవడానికి ఆగితే వాళ్ళూ పీలుస్తున్నారు. ఇంక ఆ రోజు నుంచి పాటను వాళ్ళ ఊపిరికి కట్టాడు. వెనక వరుసలో ఆయాసపడే పిల్ల ఒకతె ఉండేది. ఎవరూ చెప్పకుండానే, ఆమె వచ్చిన రోజుల్లో ఊదడం కాస్త పొట్టిగా ఆపేవాడు. నలభై ఛాతీలు తన ఒక్క ఛాతీతో లేచి పడుతుంటే, గుడిలో హారతి వేళ నిలబడ్డట్టుండేది ఐలయ్యకు.

ఆ వారంలోనే అనుపమ గారి నోట 'ఐలయ్యా' పోయి 'ఐలయ్య గారూ' వచ్చింది. క్లాసయ్యాక ఎవరో ఒకరు ఆయన చాప తామే చుట్టి పెట్టేవారు. ఆ గంట ఆయన వాచ్‌మన్ కాడు. ఏడింటికి మెట్లు దిగి మళ్ళీ గేటు దగ్గర స్టూలు మీద కూచున్నా, ఆ గంట పొద్దుగూకేదాకా సరిపోయేది.

రెండేళ్ళు అట్లా నడిచింది. ఆ వానాకాలం దగ్గు పట్టుకుంది.

"మీకు బాగులేని రోజు క్లాసు మూగబోతోంది, ఐలయ్య గారూ," అన్నారు అనుపమ గారు. "ఒక్కసారి రికార్డు చేసి పెట్టుకుందాం. మీరు విశ్రాంతిగా ఉండొచ్చు."

తన దగ్గు గురించి ఇంత పట్టించుకున్న మనిషి ఉందని ఐలయ్య ఆ రాత్రి మల్లన్నకు దండం పెట్టుకున్నాడు. ఆమె మంచి మనసుతోనే అన్నదేమో, కాదనడానికి మనమెవరం? దగ్గు కాస్త నెమ్మదించాక సాబిర్ దుకాణం మూసి, స్కూటరు మీద పంజాగుట్టలోని రికార్డింగు స్టూడియోకు తీసుకుపోయాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, మెత్త గోడల గదిలో, గంటసేపు ఏకబిగిన ఊదాడు ఐలయ్య. రికార్డు చేసే విక్రమ్ చెవుల మీది డిప్పలు తీసి నవ్వాడు.

"పెద్దాయనా, మస్తు ఊదినవ్. గాని మధ్యల మధ్యల బుస్సుమని గాలి పీలుస్తున్నవ్. అది తీసేస్త, సాఫ్ అయితది."

"తియ్యకు బిడ్డా. గప్పుడే గదా వాళ్ళు పీల్చేది."

"ఏంది, వాళ్ళ గాలి సుత నువ్వే పీల్చిస్తవా?"

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఐలయ్య కూడా నవ్వాడు.

పది రోజులకు దగ్గు పూర్తిగా తగ్గింది. గ్రోవి తడుపుకుని డాబా ఎక్కాడు. స్పీకరులోంచి తన పాట వస్తోంది. కట్టడం మరిచిన నల్లాలాగా, గాలి పీల్చిన చోట కూడా ఆగకుండా. అనుపమ గారు పెదవుల మీద వేలు పెట్టి చూపించారు. క్లాసయ్యాక, "ఈ పూట కూడా రెస్టు తీసుకోండి," అన్నారు. మర్నాడూ అదే మాట. తర్వాతి వారం, "ఐలయ్యా, మోటరు వేశావా?" అన్నారు. 'గారు' ఎప్పుడు మెట్లు దిగిపోయిందో ఎవరూ చూడలేదు.

"నీ గొంతు నువ్వే కోసి డబ్బాల పెట్టిచ్చి వస్తివి," అంది పోచమ్మ. "ఇగ నీతోటి ఏం పని వాళ్ళకు?"

కోర్సులన్నీ రెండు మూడు నెలలవి. దసరా నాటికి ఆయన ఊదగా విన్న పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. కోర్సు మీద కోర్సు చేస్తూ ఉండిపోయిన ఆయాసం పిల్ల కూడా ఏదో కంపెనీలో చేరి వెళ్ళిపోయింది. పోయేముందు గేటు దగ్గర ఆగి, ఆయన చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టింది. అంతే.

ఒకనాడు పొద్దున ఉండబట్టలేక, ట్యాంకు పక్కన నిలబడి రికార్డుతో పాటే ఊదాడు. పీల్చాల్సిన చోటల్లా ఆగాడు, ఒక్కరైనా తనతో పీలుస్తారేమోనని. అందరూ తలలు తిప్పి చూశారు. కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, పాపం మంచివాడే, సంబరంగా కేకేశాడు.

"మేడమ్, వాచ్‌మన్ సీడీ వినీ వినీ నేర్చేసుకున్నాడండీ! బానే ఊదుతున్నాడు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఐలయ్య అనుపమ గారి వైపు చూశాడు. ఒక్క మాట చాలు. ఆమె గడియారం చూసుకున్నారు.

"అవును, ఆయనకు ఇంట్రెస్టు ఉంది. పదండి, శవాసనం."

మర్నాటి నుంచి చెంబులో నీళ్ళు గ్రోవిలోకి పోలేదు. మల్లన్న పటం వెనక పెట్టేశాడు. ఎండాకాలం నడిమికి అది నిలువునా పగిలింది.

ఆ ఎండల్లోనే కాంప్లెక్సు యజమాని పాత లిఫ్టు తీయించి కొత్తది పెట్టించాడు. అందులో పాట వచ్చే ఏర్పాటు సాబిర్‌కు అప్పజెప్పాడు. సాబిర్ తానే పైకి పోయి, అనుపమ గారిని అడిగి సీడీ తెచ్చి తగిలించాడు. సాసరులో సగం చాయ్ పోసుకుని వచ్చి, ఐలయ్య ముందు ఉబ్బిపోతూ నిలబడ్డాడు.

"ఐలన్నా, నీ పాటే పెట్టిన! పైకి పోయెటోళ్ళు, కిందికొచ్చెటోళ్ళు, పొద్దంత నిన్నే వింటరు ఇగ."

"మస్తున్నది భాయ్," అన్నాడు ఐలయ్య. ఆ ముఖం చూసి ఇంకేమంటాడు?

ఆయన స్టూలు లిఫ్టు పక్కనే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పాట. ఆయన వద్దనుకున్నా ఛాతీ దాని వెంట పోయేది. మలుపు దగ్గర పీల్చడానికి ఆగేది. పాట ఆగేది కాదు. ఆగకుండా ముందుకు పోయేది, ఛాతీ వెనకబడేది. మధ్యాహ్నానికల్లా ఆయాసం. దగ్గు తిరగబెట్టిందని పోచమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చేది. ఆయన తాగేవాడు.

నాలుగోనాడు సాబిర్ ఎప్పటిలాగే సగం చాయ్ తెచ్చాడు. ఐలయ్య సాసరు అందుకుని కింద పెట్టాడు.

"భాయ్, నాకొక్క సాయం చేస్తవా?"

"జాన్ అడుగన్నా, ఇస్త."

"గంత వద్దు. నువ్వు పాణం పెట్టి చేసిన పని, తప్పనుకోకు. పొద్దుగాల డాబా మీద పెట్టుకుంటే పెట్టుకోనీ, అది వాళ్ళ గంట. గీ లిఫ్టుల తీగె ఒక్కటి పీకెయ్. ఎవరన్న అడిగితే ఎలుక కొరికిందని చెప్పు."