అడ్డం లేని గొయ్యి

తడి సిమెంటు వాసన తగిలితే నాకు ఇప్పటికీ వీపు మీద చల్లటి వేలొకటి పాకినట్టుంటుంది. నిన్న బెజవాడలో ఓ కొత్త అపార్టుమెంటు మెట్లెక్కుతుంటే ఆ వాసన వచ్చింది. వెంటనే మా సీనియర్ వసుంధర గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. లాయరు పనిని పుస్తకాల్లోంచి కాక, చీకటి మూలల్లోకి నడిపించి నేర్పిన మనిషి.

నేను జూనియర్‌గా చేరిన తొలిరోజుల్లో గుణదల నుంచి మరియమ్మ వచ్చింది. ఆమె భర్త వాచ్‌మన్. కడుతున్న భవనంలో, లిఫ్టు కోసం వదిలిన గొయ్యిలో పడి చనిపోయాడు. ఆ చావు తన మెడకు చుట్టుకోకుండా బిల్డరు ఓ కథ అల్లాడు: మరియమ్మే చేతబడి చేయించిందని, దయ్యం అతన్ని లోపలికి లాక్కుందని. వీధంతా నమ్మింది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు ఇచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు.

"నన్ను చూస్తే పిల్లల్ని లోపలికి లాగేసుకుంటున్నారమ్మా," అంది మరియమ్మ. ఏడవలేదు.

మర్నాడు మధ్యాహ్నం వసుంధర గారు నన్ను ఆ భవనానికి తీసుకెళ్లారు. ప్రమాదం తర్వాత పని ఆగిపోయింది. ఎండ గుమ్మం దగ్గరే నిలిచిపోయినట్టు లోపల ఒకటే చలి, తడి సిమెంటు వాసన. పై అంతస్తులో ఆ గొయ్యి ముందు నిలబడ్డాం. అడుగు కనబడలేదు. కిందనుంచి గాలి లేచింది. ఆ గాలిలో ఎవరో సాగదీసి "సుధా..." అన్నారు. నా పేరే. నేను పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాను. ఆవిడ మాత్రం సంచిలోంచి కొలత టేపు తీశారు.

"ఆ కొస పట్టుకో. అడ్డం ఏమైనా కనిపిస్తోందా? కనీసం ఓ చెక్క, తాడు?"

"ఏమీ లేదండీ. మేడమ్, ఎవరో పిలుస్తున్నారు..."

"పిలవనీ. దయ్యానికి మనం నోటీసివ్వలేం. అడ్డం పెట్టనివాడికి ఇవ్వగలం. జాగ్రత్త తీసుకోవాల్సింది ఎవరు, తీసుకున్నారా, ఈ చావు దానివల్లేనా? నిర్లక్ష్యం కేసులో ముందు ఇవి తేల్చు."

బయటికొచ్చాక అడిగాను, "మీకేం వినబడలేదా?"

ఆటో కోసం చూస్తూనే అన్నారు. "వినబడింది. నా చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. ఆ పేరు తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ బతికి లేరు."

ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

బిల్డరు మీద నిర్లక్ష్యానికీ, మరియమ్మ పరువు తీసినందుకూ కేసు వేశాం. కోర్టులో ఆ భవనం కట్టిన మేస్త్రీ నిజం చెప్పాడు. అడ్డం పెడదామంటే, పని ఆలస్యమవుతుందని బిల్డరే వద్దన్నాడట. చేతబడి మాట వచ్చినప్పుడు బిల్డరు, "నేను విన్నదే అన్నానండీ," అన్నాడు.

"నిజమో కాదో కనుక్కున్నారా?" అడిగారు వసుంధర గారు.

"లేదు."

"నలుగురి ముందూ అన్నారా?"

"...అన్నాను."

ఆవిడ కూర్చున్నారు. భర్త చావుకు ఒక పరిహారం, పోయిన పరువుకు విడిగా మరొకటి ఇమ్మని తీర్పు వచ్చింది. నేను ఫైలు కట్టేస్తుంటే ఆవిడ, "అప్పుడే ఏమైంది? పద," అన్నారు.

మరియమ్మకు అటూ ఇటూ నడుస్తూ వాళ్ల వీధిలోకి వెళ్లాం. మేం దగ్గరకొస్తుంటే తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటున్నాయి. మూసిన కిటికీల వెనక ఊపిరి వినబడుతోంది. ఆ నిశ్శబ్దం నన్ను ఆ గొయ్యి కంటే ఎక్కువ భయపెట్టింది. వసుంధర గారు మరియమ్మ చెయ్యి వదల్లేదు. వీధి చివర ఓ ముసలావిడ మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంది. చాలాసేపు చూసి, "ఎండలో వచ్చారు. మంచినీళ్లు తాగుతారా మరియమ్మా?" అంది. మరియమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇప్పటికీ నేను తీర్పు రాగానే ఫైలు మూయను. నా క్లయింటును ఇంటిదాకా దిగబెట్టి, ఒక్క తలుపైనా తెరుచుకునేదాకా అక్కడే నిలబడతాను.