కామెర్ల అక్క

మా అక్క పోయిందని మదనపల్లె ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేటప్పటికి నేను పుంగనూరులో నా క్లినిక్‌లో ఉన్నాను. కబురు తెలియగానే వరండాలోని రోగులంతా లేచి నిలబడ్డారు. నేను పోతే ఇంతమంది లేస్తారా అన్నదే నాకు ముందు తోచింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఇద్దరమూ డాక్టర్లమే. నేను ఊళ్ళో క్లినిక్ పెట్టుకున్నాను. అక్క పంతొమ్మిదివందల డెబ్బైల్లోనే బెంగళూరులో ఒక ల్యాబులో చేరి, కామెర్లు తెచ్చే వైరసుల వెంట పడింది. "కామెర్లు రోగం కాదే, రంగు. ఆ రంగు ఎనక ఏముండాదో సూడాల" అనేది. మా అమ్మకు ఆ మాట అర్థం కాకపోయినా ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. నేను నయం చేసిన జ్వరాల గురించి ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు.

కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో కామెర్లొస్తే జనం పసరు మందుకు పోయేవాళ్ళు. డాక్టర్లకు రక్తం ఇచ్చేవాళ్ళు కారు. అందుకని అక్క ఆదివారం తెల్లవారేసరికల్లా పసరు పోసే పెద్దాయన వాకిట్లో కూర్చునేది.

"ఈడ కూసున్నోళ్ళంతా పరగడుపున తాగాల్సిందే తల్లీ. తాగినాక రగతం తీసుకో" అన్నాడట ఆయన.

అక్క ముఖం చిట్లించకుండా తాగింది. ఆ తర్వాత అందరూ ఆమె ముందు చేతులు చాచారు. 'కామెర్ల అక్క' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ రక్తం సీసాలను ఐసుపెట్టెలో సర్దుకుని ఆ పూట రైలుకే బెంగళూరు వెళ్ళిపోయేది.

ఇక్కడ నేను పసరు వద్దని మొత్తుకుంటుంటే, "మీ అక్కే తాగిందంట కదమ్మా, మీరు యాల వద్దంటాండారు?" అని నా రోగులే అడిగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. అక్కతో చెబితే నవ్వేది.

"వాళ్ళ పసరు తాగకుండా వాళ్ళ రగతం యా మొగంతో అడిగేది?"

ఇన్నేళ్ళూ ఆ సీసాలతో పనిచేసిన అక్కకు చివరికి వాటిలోని వైరసే అంటుకుంది. మదనపల్లెలో చేర్చాం. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, లేవలేని స్థితిలో కూడా తన రక్తం తీసి ల్యాబుకు పంపమంది. నర్సును వద్దంది.

"నువ్వు తియ్యి. నీ చెయ్యి మెత్తన. నాకు రాలేదు ఆ చెయ్యి."

జన్మంతా ఆమె నోటి నుంచి అలాంటి మాట కోసమే కాచుకున్నాను. రక్తం తీశాను. అదీ ఆమె పరిశోధనలోకే పోతుంది. సూది గుచ్చిన చోట అద్దిన దూది మాత్రం నా వేళ్ళ మధ్య ఉండిపోయింది. అదైనా నాకు మిగిలితే బాగుండుననిపించింది. అక్క గమనించింది.

"కాల్చెయ్యి. సబ్బుతో చేతులు కడుక్కో" అంది.

దూదిని ట్రేలో వేసి, స్పిరిట్ పోసి అంటించాను. నీలం మంట లేచింది. అక్క నా వైపు కాదు, ఆ దూది వైపే, పూర్తిగా కాలేదాకా చూస్తూ పడుకుంది.