సముద్రం నడిమి బాట మీద మా వదిన

మా వదినకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడ్డది. ఇనుప పట్టీలున్న బూటు ఏసుకొని నడుస్తది. ఉప్పల్‌ల లేడీస్ టైలర్ షాపు నడుపుతది. ఆమె కుట్టిన బ్లౌజులు మెచ్చుకునేటోళ్లే షాపు మెట్లు దిగంగనే "పాపం" అనుకుంట పోతరు.

నేను నాచారంల మందుల కంపెనీ ల్యాబ్‌ల పనిజేస్త. కొత్త మిషన్ నేర్చుకోనీకి కంపెనీ నన్ను ఇంగ్లండ్ పంపుతున్నదని తెలిసినప్పుడు, ట్రైనింగ్ అయినంక కార్న్‌వాల్ సూసొద్దామనుకున్న. మూడు దిక్కుల సముద్రమున్న జిల్లా అది. "నేను గూడ వస్త" అన్నది వదిన.

మా అన్న ముద్ద నోట్లె పెట్టుకోబోయి ఆగిండు. "ఆ కాలుతోని అంత దూరమా?"

"కాలు నాది. నీకేం నొప్పి?" అన్నది వదిన. 

కార్న్‌వాల్‌ల మేం దిగిన ఇంటి ఓనరమ్మ మంచి మనిషే. పొద్దున టీ పోసుకుంట ఏమేం సూడాల్నో జెప్పింది. కొండ అంచు బాట, సముద్రం నడుమ గుట్ట మీద కోట. నీళ్లు ఎనుకకు పోయినప్పుడు రాళ్లు పరిచిన బాట బయటవడ్తదట, దాని మీద నడుసుకుంట కోటకు పోవచ్చట. తర్వాత వదిన దిక్కు సూసి గొంతు తగ్గించింది. "ఆమెకైతే బస్సుల తిరుగుడు, టీ దుకాణంల జాము, మీగడతోని బన్ను తినుడు బాగుంటది."

"ఏమంటున్నది?" అని అడిగింది వదిన.

"బన్ను బాగుంటదట."

"మరి నా కాలు దిక్కెందుకు సూసింది?"

ఉన్నదున్నట్టు జెప్పిన. వదిన కప్పు కింద పెట్టింది. "కోటకు పోదాం పా."

బాట మొదట్ల యూనిఫాం ఏసుకున్నాయన మమ్మల్ని ఆపిండు. నడవనీకి టైమున్నది గని, నీళ్లు మల్ల వచ్చేదాంక ఆగి పడవల పోతే ఈమెకు నయమన్నడు. వదిన ఆయనకు దండం పెట్టి ముందుకు నడిసింది.

రాళ్ల మీద పాచి. బూటు రాళ్ల సందుల ఇరుక్కుంటున్నది. నేను చెయ్యి సాపిన.

"చెయ్యి ఇయ్యకు. పడితే అప్పుడు సూద్దాం."

సగం బాటల నిజంగనే పడ్డది. చీర తడిసింది. ఎనుకొచ్చేటోళ్లు ఉరికొచ్చిన్రు. వదిన అరచెయ్యి ఎత్తి అందర్ని ఆపింది. మంచి కాలు మడిచి, రాయి మీద చెయ్యి ఆనించి, తనంతల తనే లేసింది. నా కండ్లల్ల నీళ్లు జూసి, "ఏడ్వకు, నడువు" అని కసిరింది.

దీవి చేరినంక, కోట ఎక్కుదామా అని అడిగిన. పైకి ఎక్కే బాట మస్తు నిటారుగున్నది.

"కోటలు మనకు లేవా? నాకు సముద్రం గావాలె."

పడవలు ఆగే మెట్ల మీద కూసున్నది. బూటు ఇప్పి, చీర మోకాలు దాంక ఎత్తి, ఆ సన్నటి కాలును నీళ్లల్ల పెట్టింది. ఇన్నేండ్లల్ల ఆ కాలును నేను సూసుడు అదే మొదలు. పక్కపొంటి పోయేటోళ్లు సూస్తున్నరు. వదిన చీర దించలే.

"ఫోటో తియ్యి. కాలు పడాలె."

దాన్నే వాట్సాప్ స్టేటస్ పెట్టింది. జరసేపటికే అన్న ఫోన్ జేసిండు. "అందరు సూస్తున్నరు. తీసెయ్."

"సూడనియ్యి. నువ్వు సూసే గద చేసుకున్నవు?"

 "నీళ్లు సల్లగున్నయా?" అని అడిగిండు అన్న.

"మస్తు సల్లగున్నయి," అన్నది వదిన. అప్పుడు ఆమె గొంతు మెత్తగైంది.

అప్పటికి నీళ్లు మల్లొచ్చి రాళ్ల బాట మునిగింది. తిరిగి పడవలనే పోవాలె. పడవాయన చెయ్యి అందిస్తే వదిన పట్టుకున్నది. నేను సూస్తుంటే, "ఆయన అందరికి ఇస్తుండు" అన్నది.

తెల్లారి కొండ అంచు బాటకు నన్ను లేపింది ఆమెనే. సగం దూరం పోయినంక కాలు వాచింది, ఎనుకకు రావాల్సొచ్చింది. ఆ సంగతి గూడ అన్నకు ఫోన్ జేసి తనే జెప్పింది. "సగం నడిసిన" అన్నది, సగం మిగిలిందని అనలే.