గరుసు నేల మీద జారిన రోజు

మొన్న సాయంత్రం టీవీలో పోలండ్ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడొకాయన, నాలాగే డిఫెండర్, ఆటకు సెలవు చెప్పి కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. గోల్ కొట్టేవాళ్లకైతే వాళ్ల గోల్సన్నీ పాట పెట్టి మరీ చూపిస్తారు గానీ, పాపం గోల్ పడకుండా ఆపినవాడికి చూపించడానికి ఏముంటుంది? నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే నా పాత రోజులు గుర్తొచ్చి మనసు పాడైంది.

మాది చిలమత్తూరు దగ్గర పల్లె. వరసగా వానలు ముఖం చాటేసి, చెనక్కాయ పైరు పూత మీదే మాడిపోయిన ఆ ఏడు, బెంగుళూరులోని ఒక బట్టల మిల్లువాళ్లు తమ జట్టులోకి ఒక మనిషి కావాలని, ఉద్యోగం కూడా ఇస్తామని మా ఊళ్లో ఆట పెట్టించారు. మా అన్న ఫార్వర్డ్, నేను బ్యాక్, అంటే డిఫెండర్ని. చెరొక జట్టులో వేశారు. అన్న గోల్ కొడితే అన్నకు, ఆపగలిగితే నాకు అని అందరికీ తెలుసు. అంటే ఒకరికి మిల్లు, ఒకరికి ఆ ఎండిన చేను. అమ్మ పొద్దున రాగి ముద్ద చెరిసగం పెట్టి, బాగా ఆడమని ఎవరికీ చెప్పలేదు. నాయన ఆటస్థలం గట్టున తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన పడిన నరకం నాకిద్దరు బిడ్డలు పుట్టాక గానీ తెలిసిరాలేదు.

మా ఆటస్థలం గడ్డి లేని గరుసు నేల, అంతా కంకరే. పడితే తోలు లేచిపోతుంది కాబట్టి మా వైపు బ్యాకులెవరూ నేల మీద జారి బంతిని తన్నేవాళ్లు కారు, పక్కన పరిగెత్తి భుజంతో తోయడమే. ఎవరికీ గోల్ పడకుండానే ఆట చివరికొచ్చేసింది. అప్పుడు అన్నకు బంతి దొరికింది. నన్ను దాటేశాడు, ముందు గోల్ కాసే గోలీ ఒక్కడే, నాకు బంతి తన్నడం నేర్పినవాడి వీపు వెంట పరిగెత్తుతూ, పోనిద్దామా అని ఒకసారి, వద్దని ఒకసారి అనుకుంటుండగా అన్న అడుగు కాస్త నిదానించింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గరుసులో జారి బంతిని బయటికి తన్నేశాను. లేచేసరికి తొడంతా నెత్తురు. మిల్లు మనిషి నా పేరు రాసుకున్నాడు.

మోకాలు మొరాయించేదాకా మిల్లు జట్టుకు ఆడాను, ఎందరు ఫార్వర్డులనో ఆపాను. అన్న చేను దున్నాడు, పైరు ఎండిన ఏడు కూలికి పోయాడు. ఆ అడుగు నాకోసమే నిదానించిందని, నా ఉద్యోగం అన్న ఇచ్చిందేనని ఇన్నేళ్లూ నమ్మాను. ఆ నమ్మకంలో ఒక హాయి ఉండేదని ఒప్పుకోవాలి. టీవీ చూసిన మర్నాడు ఊరికి పోయి అడిగేశాను.

“అన్నా, ఆ పొద్దు నువ్వు నాకోసమే నిదానించినావు కదా?”

“యాడిదిరా! గోలీ ఎటు దూకుతాడో చూసుకుంటాంటి. గరుసులో పడతావని ఎవురనుకుంటారప్పా? నాకూ కావల్సి ఉండె ఆ మిల్లు.”

కోపంగా అనలేదు, కాఫీ తాగుతూ అన్నాడు. నా కాఫీ నేను కింద పెట్టేశాను.

ఇప్పుడు మా వైపు కూడా పచ్చగడ్డి మైదానాలు వచ్చాయి. ఆడపిల్లలు సైతం బూట్లేసుకుని, ప్రతి బంతికీ జారిపడి, దులుపుకుని నవ్వుతూ లేస్తున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. మా కాలంలో ఆ గడ్డీ లేదు, రెండో ఉద్యోగమూ లేదు. ఉండి ఉంటే ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. అన్న ముందు గోల్స్ కొడుతుంటే, వెనక నేను కాపలా కాసేవాణ్ణి.